కారు ఏసీ బెల్టు ఇంట్లోనే మార్చుకోవడం: కొలత నుంచి బిగువు దాకా

ఏసీ వెయ్యగానే బానెట్ కింద నుంచి కీచుమని చప్పుడు. కాసేపటికి రబ్బరు కాలిన వాసన, ఆ తర్వాత వేడిగాలి. ఎండలు ముదిరే కొద్దీ ఎక్కువమంది అడిగేది ఇదే: ఈ బెల్టు ఇంట్లో మార్చుకోవచ్చా, మారిస్తే గ్యాస్ పోతుందా?

మార్చుకోవచ్చు. గ్యాస్ చుక్క కూడా పోదు. బెల్టు తిప్పేది కంప్రెసర్ (ఏసీ గ్యాస్‌ను ఒత్తే యంత్రం) పుల్లీని మాత్రమే, గ్యాస్ ఉండే గొట్టాల జోలికి మనం వెళ్లం. చేయి తిరిగినవారికి ముప్పావు గంట పని, మొదటిసారి చేసేవారు పూట కేటాయించుకోవాలి. పాత బెల్టు తీసి కొత్తది తొడగడం అందులో పది నిమిషాలే. మిగతా సమయమంతా రెండు విషయాలకు పోతుంది: పాతది ఎందుకు పాడైందో కనుక్కోవడం, కొత్తదానికి సరైన బిగువు ఇవ్వడం. ఈ రెండూ వదిలేసి బెల్టు ఒక్కటే మారిస్తే నెల తిరక్కుండా మళ్లీ అదే చప్పుడు వింటారు.

1. మీ కారుది ఏ ఏర్పాటో ముందు చూడండి

ఇంజన్ ఆపి, బానెట్ ఎత్తి, టార్చి వేసి బెల్టులున్న పక్క చూడండి. నాలుగు రకాల్లో ఒకటి కనిపిస్తుంది.

- ఏసీకి విడిగా ఒక బెల్టు, మధ్యలో దాన్ని బిగించే చిన్న ఇడ్లర్ పుల్లీ. పాత ఆల్టో, శాంత్రో, యాక్సెంట్ లాంటి కార్లలో కనిపించేది ఇదే.
- ఏసీకీ ఆల్టర్నేటర్‌కీ (బ్యాటరీని ఛార్జ్ చేసేది) కలిపి ఒకే బెల్టు. ఆల్టర్నేటర్‌నే పక్కకు జరిపి బిగించాలి.
- అన్నిటికీ కలిపి ఒకే పొడవాటి బెల్టు, స్ప్రింగుతో తనంతట తనే బిగుసుకునే టెన్షనర్.
- బిగించే ఏర్పాటే లేకుండా సాగే గుణమున్న బెల్టు.

ఈ వ్యాసంలో వివరంగా చెప్పేది మొదటి రకం గురించి. ఇంట్లో చేయడానికి అనువైనది అదే. రెండో రకానికీ ఇవే మెట్లు వర్తిస్తాయి, ఇడ్లర్ బదులు ఆల్టర్నేటర్ కదులుతుంది. మూడు, నాలుగు రకాల గురించి చివర్లో ఉంది. హైబ్రిడ్ కారైతే ఇంట్లో ముట్టుకోవద్దు.

ఒక తేడా గుర్తుంచుకోండి. విడి ఏసీ బెల్టు తెగితే ఏసీ ఆపుకొని ఇంటికి రావచ్చు, అయితే తెగిన ముక్క పక్క బెల్టులో చిక్కుకోకుండా తీసేశాకే. అదే బెల్టు ఆల్టర్నేటర్‌నో వాటర్ పంపునో కూడా తిప్పేదైతే బండి అక్కడే ఆపాలి. వాటర్ పంపు తిరగని ఇంజన్ కొద్ది నిమిషాల్లో వేడెక్కి హెడ్ దెబ్బతింటుంది.

2. చప్పుడు బెల్టుదేనా?

డబ్బు పెట్టే ముందు ఇది తేల్చుకోండి. ఏసీ వెయ్యగానే సాగదీసినట్టు కీచుమంటే సాధారణంగా జారుడు, అంటే బిగువు చాలకపోవడం. ఏసీతో పని లేకుండా ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ తిరుగుతున్నప్పుడు) పిచుక కూసినట్టు లయగా కిచకిచమంటే పుల్లీలు ఒక వరసలో లేవని అనుమానించాలి. గరగరమంటే బేరింగు.

అనుమానం ఉంటే నీళ్ల పరీక్ష. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా, దూరం నుంచి, స్ప్రే సీసాతో బెల్టు లోపలివైపు, అంటే పొడవునా గట్లున్న వైపు కొద్దిగా నీళ్లు చల్లండి. చప్పుడు పెరిగితే బిగువు తక్కువ. కాసేపు ఆగి మళ్లీ మొదలైతే పుల్లీల వరస తేడా. ఈ పరీక్ష చేసేటప్పుడు లుంగీ, కండువా, చున్నీ, వేలాడే తాడున్న చొక్కా ఏవీ ఒంటి మీద ఉండకూడదు. తిరిగే బెల్టుకు కొస దొరికితే చాలు, చేతిని లాగేస్తుంది.

3. సరైన బెల్టు కొనడం

పాత బెల్టు వీపు మీద నంబరు ఉంటుంది. ఉదాహరణకు 4పీకే845 అని ఉంటే: 4 అంటే లోపలివైపు పొడవునా ఉన్న గట్లు నాలుగు, పీకే అంటే కార్ల బెల్టుల గట్టు కొలత (గట్టుకూ గట్టుకూ మధ్య 3.56 మి.మీ.), 845 అంటే పొడవు మిల్లీమీటర్లలో. మరీ పాత బళ్లలో గట్లు లేని, ఒకే వెడల్పు గాడిలో కూర్చునే వీ బెల్టు ఉంటుంది. దాని మీద ఏవీఎక్స్10×850 లాంటి నంబరు చూస్తారు, పైవెడల్పు 10, పొడవు 850.

నంబరు చెరిగిపోతే పాత బెల్టును షాపుకు పట్టుకెళ్లి కొత్తదాని పక్కన వేలాడదీసి చూడండి. పాతది కొద్దిగా సాగి ఉంటుంది కాబట్టి ఒక్క పిసరు పొట్టిదే సరైనది. అంతకన్నా మంచి దారి కారు మోడల్, తయారైన సంవత్సరం, ఇంజన్ రకం చెప్పి పార్ట్ నంబరు తీయించడం. ఒకే పేరున్న కారులో పెట్రోలుకు ఒక పొడవు, డీజిల్‌కు ఒక పొడవు ఉండొచ్చు.

గట్ల సంఖ్యలో మాత్రం రాజీ పడొద్దు. నాలుగు గాళ్ల పుల్లీకి మూడు గట్ల బెల్టు వేస్తే తిరుగుతుంది గానీ ఎక్కువకాలం మన్నదు.

ఫెన్నర్, గేట్స్, కాంటీటెక్ లాంటి పేరున్న కంపెనీలవి, లేదా కారు కంపెనీ పెట్టెలోవి తీసుకోండి. నంబరు అచ్చు మసకగా, వంకరగా ఉన్నా, బెల్టును వేళ్ల మధ్య వంచితే అప్పుడే సన్నటి పగుళ్లు కనిపించినా తీసుకోవద్దు.

4. సిద్ధం చేసుకోవాల్సినవి

- రింగు పానాలు 10, 12, 14. సాకెట్ సెట్, పొడుగు ఎక్స్‌టెన్షన్
- జాకీ, స్టాండు, చక్రాలకు అడ్డం పెట్టడానికి రెండు రాళ్లు లేదా చెక్కదిమ్మలు
- తుప్పు వదిలించే స్ప్రే
- టార్చి, వైరు బ్రష్, పొడి గుడ్డలు
- ఉక్కు స్కేలు, సూట్‌కేసులు తూచే కొక్కెం కాటా (ఎందుకో 8వ మెట్టులో తెలుస్తుంది)
- చక్రం లోపలి ప్లాస్టిక్ కవరు క్లిప్పులు నాలుగైదు, ఎందుకంటే పాతవి తీస్తే విరుగుతాయి
- మీ కారు సర్వీస్ మాన్యువల్‌లో ఏసీ బెల్టు బిగువు, బోల్టు టార్కు (ఎంత బలంతో బిగించాలన్న అంకె) ఉన్న పేజీ

నేల చదునుగా, గట్టిగా ఉండాలి. మట్టి నేల మీదా, సెల్లార్‌లోకి దిగే వాలు మీదా జాకీ వెయ్యొద్దు. ఇంజన్ పూర్తిగా చల్లారాలి, ఎండాకాలమైతే తెల్లవారుజామున చేయడం సుఖం.

5. పాత బెల్టు తీయడం

1) హ్యాండ్‌బ్రేక్ లాగండి, గేరు న్యూట్రల్‌లో పెట్టండి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టండి. తాళం చెవి మీ జేబులో ఉండాలి, కారులో కాదు.

2) బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి. కొన్ని కార్లలో ఇంజన్ ఆపినా రేడియేటర్ ఫ్యాను ఉన్నట్టుండి తిరుగుతుంది. వేళ్లు అక్కడుండగా అది జరగకూడదు.

3) బెల్టు దారిని ఫోటో తీయండి. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి. కాగితం మీద గీసుకుంటే ఇంకా మంచిది.

4) కంప్రెసర్ కిందగా ఉంటే పనంతా చక్రం వైపు నుంచే. బండి నేల మీద ఉండగానే చక్రం నట్లు అర చుట్టు వదులు చేసి, జాకీ ఎత్తి, స్టాండు పెట్టి, చక్రం తీసి, ప్లాస్టిక్ కవరు విప్పండి. తీసిన చక్రాన్ని కారు అంచు కిందకు తోసేయండి. స్టాండు జారినా బండి మీ మీదకు రాదు. జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద చెయ్యి పెట్టొద్దు.

5) ఏసీ బెల్టు ముందు ఇంకో బెల్టు అడ్డంగా ఉంటే దాన్ని ముందు వదులు చేసి తీయాలి. తిరిగి పెట్టేటప్పుడు వరస తిరగబడుతుంది: లోపలిది ముందు, బయటిది తర్వాత.

6) ఇప్పుడు ఇడ్లర్ పుల్లీ. దానికి రెండు బిగింపులుంటాయి. పుల్లీ నడిమధ్య లాక్ నట్టు (ఎక్కువ కార్లలో 14), పైనుంచో కిందనుంచో నిలువుగా దిగే పొడుగాటి అడ్జస్టింగ్ బోల్టు (ఎక్కువగా 12). ముందు లాక్ నట్టు అర చుట్టు వదులు చేయాలి, పూర్తిగా విప్పకూడదు. ఆ తర్వాతే అడ్జస్టింగ్ బోల్టును వెనక్కి తిప్పాలి. ఈ వరస తప్పి, లాక్ నట్టు బిగువుగా ఉండగానే అడ్జస్టింగ్ బోల్టు మీద బలం చూపితే మరలు అరిగిపోతాయి, లేదా బోల్టు తల ఊడి చేతికొస్తుంది. ఇంటి దగ్గర ఈ పని మధ్యలో ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే.

బోల్టు తుప్పు పట్టి ఉంటే మరల మీద మాత్రమే స్ప్రే కొట్టి, బెల్టుల మీద గుడ్డ కప్పి, ఇరవై నిమిషాలు ఆగండి. పావు చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ రండి. కదలని బోల్టుకు పైపు తొడిగి లాగొద్దు.

7) బెల్టు వదులయ్యాక ముందు ఇడ్లర్ మీద నుంచి, తర్వాత కంప్రెసర్ మీద నుంచి జార్చండి. స్క్రూడ్రైవర్‌తో పెకలించొద్దు. పుల్లీ అంచు గీసుకుపోతే ఆ గీతే కొత్త బెల్టును కోస్తుంది.

6. పాతది ఎందుకు పోయింది?

తీసిన బెల్టును పారేయకుండా వెలుతురులో తిప్పి తిప్పి చూడండి.

గట్లు అద్దంలా మెరుస్తుంటే వదులుగా ఉండి జారింది. ఒక అంచు నూలుపోగులు లేస్తే పుల్లీలు వరసలో లేవు. అంచున ఒక్క గట్టు మాత్రమే చీలి వేలాడుతుంటే బెల్టు ఒక గాడి తప్పి కూర్చుని తిరిగింది. రబ్బరు ఉబ్బి జిగటగా ఉంటే ఆయిలో, కూలెంటో పడుతోంది. ఆ లీకు ఆపకుండా కొత్తది వేస్తే డబ్బు వృథా. అంచులు కొరికినట్టు ఉంటే ఎలుకలు. బెల్టు నిక్షేపంగా ఉండి ఒకచోట కాలి తెగితే ఏదో పుల్లీ పట్టేసింది.

పగుళ్ల మీద ఒక మాట. పాత రకం రబ్బరు బెల్టులకు వయసు మీద పడితే అడ్డంగా పగుళ్లు వస్తాయి. ఇప్పటి ఈపీడీఎం రబ్బరు అంత తొందరగా పగలదు, చెప్పుల అట్టలా అరుగుతుంది. గట్ల మధ్య లోయ వెడల్పై, బెల్టు పుల్లీ అడుగును తాకుతుంది. అందుకే "పగుళ్లు లేవు కదా" అని పాతదాన్నే బిగించుకోవద్దు.

ఇప్పుడు పుల్లీలు. బెల్టు లేనప్పుడు తప్ప వీటిని సరిగ్గా చూసే వీలుండదు.

- ఇడ్లర్ పుల్లీ: వేలితో గట్టిగా తిప్పండి. చప్పుడు లేకుండా ఒకటి రెండు చుట్లు తిరిగి ఆగితే మంచిది. సైకిలు చక్రంలా చాలాసేపు గిరగిర తిరుగుతూనే ఉంటే సంతోషపడొద్దు, లోపల గ్రీజు ఎండిపోయింది. గరగరమన్నా, అటూ ఇటూ ఊగినా బేరింగు మార్చాలి.
- కంప్రెసర్ పుల్లీ: ఏసీ ఆపి ఉన్నా బెల్టుతో పాటు ఇది తిరుగుతూనే ఉంటుంది, దాని బేరింగు వేరు. చేత్తో తిప్పితే నునుపుగా తిరగాలి.
- కంప్రెసర్ ముందు ప్లేటు: పుల్లీ ముందున్న ఈ బిళ్లను పట్టుకొని తిప్పండి. కొంచెం అడ్డుపడుతూ తిరగాలి. అసలు కదలకపోతే కంప్రెసర్ లోపల పట్టేసింది. అప్పుడు ఎంత ఖరీదైన బెల్టు వేసినా ఏసీ వేసిన నిమిషాల్లో పొగ వస్తుంది. పని ఆపి ఏసీ మెకానిక్‌కు చూపించండి.
- క్రాంక్ పుల్లీ: ఇంజన్ తిప్పే పుల్లీ ఇదే, బెల్టును కదిలించేదీ ఇదే. మధ్య భాగానికీ అంచుకూ నడుమ రబ్బరు పొర ఉంటుంది. అది ఊడి బయటికొస్తే పుల్లీ ఊగుతూ తిరుగుతుంది.

ఇడ్లర్ బేరింగు పోతే పుల్లీ మొత్తం కొననక్కర్లేదు. చాలా పుల్లీల్లో ఉండేది 6203 లాంటి మామూలు బేరింగే (లోపల 17, బయట 40, మందం 12 మి.మీ.). పక్కన చెక్కిన నంబరు చూసి బేరింగుల షాపులో అడిగితే దొరుకుతుంది, లేత్ పనివాళ్లు ప్రెస్ మీద మార్చిపెడతారు. నంబరు తర్వాత 2ఆర్ఎస్ అని ఉన్నది, అంటే రెండు పక్కలా రబ్బరు సీలున్నది తీసుకోండి. మన రోడ్ల దుమ్ముకు, వానకాలం బురదకు అది నిలబడుతుంది. సుత్తితో కొట్టి ఎక్కించిన బేరింగు మన్నదు.

చివరగా పుల్లీ గాళ్లను వైరు బ్రష్‌తో రుద్ది, పొడి గుడ్డతో తుడవండి. గాడిలో నల్లటి రబ్బరు పొడి గట్టిపడి ఉంటుంది. చిన్న ఇసుక రాయి మిగిలినా కొత్త గట్టు చీలుతుంది.

7. కొత్తది ఎక్కించడం

ఫోటో పక్కన పెట్టుకొని ముందు క్రాంక్ పుల్లీ, తర్వాత కంప్రెసర్, చివర ఇడ్లర్. బెల్టు అందకపోతే అడ్జస్టింగ్ బోల్టును ఇంకా వెనక్కి తిప్పండి. అయినా అందకపోతే నంబరు తప్పు. లాగి, పెకలించి ఎక్కిస్తే లోపలి తాళ్లు తెగుతాయి, అది పైకి కనిపించదు.

ఇప్పుడు వేలి కొసతో ప్రతి పుల్లీ అంచునూ తడమండి. ముందువైపూ వెనకవైపూ గాడి ఖాళీగా మిగిలిందా, గట్టు బయటికి వేలాడుతోందా అన్నది కన్నుకన్నా వేలికే బాగా తెలుస్తుంది. కింద ఉండే క్రాంక్ పుల్లీ దగ్గరే తప్పు ఎక్కువగా జరుగుతుంది, అక్కడికి చూపు ఆనదు. చిన్న అద్దమో, ఫోను కెమెరానో దించి చూడండి.

8. బిగువు

అడ్జస్టింగ్ బోల్టును కొద్దికొద్దిగా బిగిస్తూ రండి. బెల్టులో వదులు తగ్గాక క్రాంక్ పుల్లీ నడుమ ఉండే బోల్టుకు సాకెట్ వేసి ఇంజన్‌ను మామూలుగా తిరిగే దిశలోనే (చాలా కార్లకు పుల్లీ వైపు నుంచి చూస్తే గడియారం దిశ) రెండు చుట్లు తిప్పండి. బెల్టు గాళ్లలో సర్దుకుంటుంది. అప్పుడు కొలవండి.

ఎక్కువమంది బొటనవేలితో నొక్కి "సరిపోయింది" అనేస్తారు. కొలత చెప్పేది 10 కిలోల బలంతో నొక్కితే ఎంత దిగాలి అని. 10 కిలోలు వేలికి ఎలా తెలుస్తుంది? అందుకే కొక్కెం కాటా. రెండు పుల్లీల మధ్య బెల్టు ఎక్కువ పొడుగున్న జాగా చూసుకోండి. ఆ రెండు పుల్లీల మీద ఆనేలా బెల్టు వీపున స్కేలు పెట్టండి. నడిమధ్య బెల్టుకు గట్టి నాడా చుట్టి కాటాను స్కేలుకు ఎదురుదిశలో లాగండి. కాటా 10 చూపించినప్పుడు స్కేలుకూ బెల్టుకూ మధ్య ఖాళీ ఎంతో కొలవండి.

మాన్యువల్‌లో ఉన్న అంకెదే తుది మాట. అది దొరకకపోతే, జాగా 25–30 సెం.మీ. ఉన్నచోట కొత్త బెల్టుకు 6–8 మి.మీ., నడిచిన బెల్టుకు 8–10 మి.మీ. దగ్గర పెట్టుకోవచ్చు. కొత్తది మొదట్లో కాస్త సాగుతుంది కాబట్టే ఈ తేడా.

అంకె కుదిరాక లాక్ నట్టు బిగించి, మళ్లీ కొలవండి. నట్టు బిగించేటప్పుడు పుల్లీ పిసరంత జరిగి బిగువు మారడం మామూలే.

వదులైతే కీచుమని చప్పుడు చేసి చెబుతుంది. బిగువు ఎక్కువైతే ఏమీ చెప్పదు, నెలల తర్వాత ఇడ్లర్ బేరింగునో, కంప్రెసర్ పుల్లీ బేరింగునో తినేస్తుంది. "చప్పుడు రాకూడదు కదా" అని ఇంకో చుట్టు బిగించడం అన్నిటికన్నా ఖరీదైన తప్పు.

9. మొదటిసారి స్టార్ట్ చేసే ముందు

- పానాలు, గుడ్డలు, కాటా అన్నీ లెక్కకు వచ్చాయా?
- సాకెట్ క్రాంక్ బోల్టు మీదే ఉండిపోయిందా?
- తీసిన పక్క బెల్టు తిరిగి బిగించారా?
- ప్లాస్టిక్ కవరు, చక్రం పెట్టి, బండి దించాక నట్లు ఎదురెదురుగా బిగించారా?
- చివరగా బ్యాటరీ నెగటివ్ తీగ.

ఏసీ ఆపి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి. బెల్టు అంచు పుల్లీ మీద నిలకడగా ఉండాలి, పాములా కదలకూడదు. తర్వాత ఏసీ వెయ్యండి. కంప్రెసర్ క్లచ్ (ముందు ప్లేటును పుల్లీకి పట్టించేది) టక్కుమని పట్టుకున్న క్షణం చిన్న కీచు వచ్చి ఆగిపోతే ఫరవాలేదు. ఆగకపోతే ఆపేసి బిగువు చూడండి. పది నిమిషాలు నడిపి, ఇంజన్ ఆపి, చల్లారాక మళ్లీ కొలవండి. 150–200 కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి.

10. తరచూ ఎదురయ్యే చిక్కులు

కొత్త బెల్టు మొదటి రోజే అరుస్తోంది. గాడి తప్పిందేమో ముందు చూడండి, తర్వాత బిగువు. రెండూ సరిగ్గా ఉంటే బెల్టు మీద స్ప్రే గానీ ఆయిలు గానీ పడి ఉంటుంది. సబ్బునీళ్లతో తడిపిన గుడ్డతో పుల్లీలు తుడిచి ఆరనివ్వండి. రబ్బరులోకి ఆయిలు ఇంకితే బెల్టు మార్చడమే.

సబ్బు, కొవ్వొత్తి, పౌడరు, బెల్టు స్ప్రే. వీటిలో ఏదీ వద్దు. చప్పుడు ఒక రోజు ఆగుతుంది, దుమ్ము అంటుకొని గట్లు ఇంకా తొందరగా అరుగుతాయి.

అడ్జస్టింగ్ బోల్టు చివరిదాకా వచ్చినా బెల్టు వదులే. పొడవు ఎక్కువైన బెల్టు కొన్నారు. సరైన బెల్టుకు బిగించాక కూడా బోల్టులో ఇంకా తిప్పే జాగా మిగలాలి.

వానలో మాత్రమే అరుస్తోంది. చక్రం లోపలి ప్లాస్టిక్ కవరు లేదేమో చూడండి. క్లిప్పులు విరిగాయని దాన్ని తీసి పక్కన పడేసిన బళ్లు చాలా ఉంటాయి. గుంటలో నీళ్లు నేరుగా బెల్టు మీదకే వస్తాయి.

బెల్టు కొత్తదే, ఏసీ మాత్రం చల్లగా లేదు. ఏసీ వేసినప్పుడు కంప్రెసర్ ముందు ప్లేటు తిరుగుతోందో లేదో చూడండి. తిరగకపోతే ఫ్యూజు, రిలే, గ్యాస్ ఒత్తిడి సంగతి. బెల్టుతో పని లేదు.

11. మూడు, నాలుగు రకాల కార్లకు

స్ప్రింగు టెన్షనర్ ఉన్నచోట బిగువు మనం పెట్టనక్కర్లేదు. టెన్షనర్ చేతి మీదున్న బోల్టుకో, చదరపు రంధ్రానికో పొడుగాటి కాడ తగిలించి, నెమ్మదిగా తిప్పి పట్టుకొని, నున్నటి పుల్లీ మీద నుంచి బెల్టు జార్చాలి. ఎక్కించేటప్పుడు కూడా నున్నటి పుల్లీయే చివర. టెన్షనర్‌ను ఒక్కసారిగా వదిలేయొద్దు. వేళ్లు నలుగుతాయి, లోపలి స్ప్రింగు దెబ్బతింటుంది. బెల్టు దారి చిక్కుగా ఉంటుంది కాబట్టి బానెట్ కింద స్టిక్కరు ఉంటే దాన్ని ఫోటో తీసుకోండి.

సాగే బెల్టు ఉన్న కారైతే వర్క్‌షాపుకే వెళ్లండి. దాన్ని కోసి తీయాలి, పుల్లీకి తగిలించే ప్రత్యేక పనిముట్టుతో ఎక్కించాలి. స్క్రూడ్రైవర్‌తో ఎక్కించిన సాగే బెల్టు పైకి బాగానే కనిపిస్తుంది, లోపలి తాళ్లు అప్పటికే తెగి ఉంటాయి.

బెల్టు నంబరు, మార్చిన తేదీ, అప్పటి కిలోమీటర్ల రీడింగు, మీరు కొలిచిన బిగువు ఒక చీటీ మీద రాసి కారు కాగితాలతో పెట్టుకోండి. 200 కిలోమీటర్ల తర్వాత కొలిచినప్పుడు వచ్చిన అంకెను దాని పక్కనే రాయండి. రెండు అంకెల మధ్య తేడా 3 మి.మీ. దాటితే లాక్ నట్టు జరిగిందేమో చూసి, మాన్యువల్ టార్కుకు మళ్లీ బిగించండి.